మౌస్ పట్టించకుండా మౌస్‌తో పరీక్షా?

రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖల పెద్దలకు,

ప్రవేశ పరీక్షల సూచనల్లో ఏటా కనబడే మాట ఈసారీ వచ్చింది. కంప్యూటర్ మీద పరీక్ష రాయడం అలవాటు కావడానికి వెబ్‌సైట్‌లో మాక్ టెస్ట్ ఉంచారట, విద్యార్థులు ముందుగా సాధన చేసుకోవాలట. ఎంత దయ, ఎంత ముందుచూపు! ఆ సాధన దేని మీద చేయాలో మాత్రం రాయడం మరిచారు. సర్కారు జూనియర్ కాలేజీలో ఎంపీసీ చదివే అమ్మాయి నాన్న పొలం నుంచి వచ్చేదాకా ఆగి, ఆయన ఫోన్ తీసుకుని, అరచేతంత తెర మీద పటాన్ని రెండు వేళ్లతో సాగదీసుకుంటూ చేయాలా? లేక నెట్ సెంటర్‌లో గంటకింతని కట్టి, వెనక పదిమంది నిలబడి ఉంటే చేయాలా? ఆ మాట రాసినవారు ఆ పిల్లను ఒక్కసారైనా మనసులో పెట్టుకుని రాశారా?

ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పేపరులో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. ప్రశ్నకు 67 సెకన్ల చిల్లర. లెక్క కట్టేదీ ఆ కాస్త వ్యవధిలోనే, మౌస్ బాణాన్ని సరైన గుండ్రం మీదికి తెచ్చేదీ ఆ కాస్త వ్యవధిలోనే. జేఈఈ మెయిన్‌లో ఇంకో తిరకాసు: జవాబు ఎంచుకున్నాక ‘సేవ్ అండ్ నెక్స్ట్’ నొక్కకుండా పక్కనున్న ప్రశ్న నంబరు మీద నొక్కితే చేసిన జవాబు నిలవదు. అంకెల్లో జవాబు ఇవ్వాల్సిన ప్రశ్నలకు తెర మీది అంకెలను మౌస్‌తో ఒక్కొక్కటిగా నొక్కుకోవాలి. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్న పిల్లవాడికి ఇవన్నీ కంటికి ఆనని పనులు. పరీక్ష హాల్లోనే మొదటిసారి మౌస్ పట్టిన పిల్లకు ఒక్కోదానికీ నాలుగైదు సెకన్లు పోతే, 160 ప్రశ్నలకు పోయేది పది నిమిషాల పైమాటే. ఒక్క మార్కు తేడాకు ర్యాంకు ఎంత దూరం జారుతుందో మీకు చెప్పనక్కర్లేదు. ఆ జారుడు ఫిజిక్స్ రాకపోవడం వల్ల కాదు.

ఇలాంటి పిల్లలు ఎక్కడో నూటికొకరు ఉంటారని దాటేయడానికీ లేదు. పల్లెల్లోని 14 నుంచి 18 ఏళ్ల వాళ్ల మీద 2023లో అసర్ చేసిన సర్వేలో నూటికి 90 ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది, కంప్యూటరో ల్యాప్‌టాపో ఉన్న ఇళ్లు నూటికి తొమ్మిది. మన రెండు రాష్ట్రాలూ ఎంసెట్‌ను (ఇప్పటి ఈఏపీసెట్‌ను) 2018 నాటికే కంప్యూటర్ మీదికి మార్చేశాయి, 2019లో జేఈఈ మెయిన్ కూడా వెళ్లింది. మార్చడం తప్పని అనను, పేపర్ లీకుల బెడద చూశాక అసలే అనను. కానీ పెన్ను తీసేసి యంత్రం పెట్టింది మీరైనప్పుడు, ఆ యంత్రాన్ని పిల్ల చేతిలో పెట్టే బాధ్యత ఇంకెవరిది? తొమ్మిదో తరగతిలో ల్యాప్‌టాప్ ఇస్తే ఇంటర్ దాకా నాలుగేళ్లు వాడుకుంటుంది. దాన్ని ఉచితాల పద్దులో ఎందుకు రాస్తారు? పరీక్ష ఖర్చులో రాయండి.

బడిలో ల్యాబ్ ఉంది కదా అంటారు. ప్రభుత్వ యూడైస్ లెక్కల ప్రకారమే 2023-24లో దేశంలో పనిచేసే కంప్యూటర్ ఉన్న బడులు నూటికి 57. ఉన్నచోటా ఒక పీరియడ్, ఒక్కో కంప్యూటర్ ముందు నలుగురు, మౌస్ మాత్రం ఎప్పుడూ చురుకైనవాడి చేతిలోనే. గది తాళం ఎవరి దగ్గరుందో వెతికే వ్యవహారం వేరే. ల్యాప్‌టాప్ ఇస్తే పిల్లలు సినిమాలు చూస్తారు, ఆటలాడతారు అంటారు. ఆడతారు. ఫోన్‌లో ఇప్పుడు చేస్తున్నదీ అదే. కనీసం ల్యాప్‌టాప్‌కు కీబోర్డు ఉంటుంది.

ల్యాప్‌టాప్‌లతో లాభం లేదనడానికి చదువుకున్న పెద్దలు పెరూను చూపిస్తారు. ఇది గట్టి అభ్యంతరమే. అక్కడ ‘పిల్లకో ల్యాప్‌టాప్’ పథకం అమలైన బడులను అమలు కాని బడులతో పోల్చి 2012లో ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంక్ పరిశోధకులు తేల్చిందేమిటంటే, లెక్కల్లో, భాషలో మార్కులు పెరగలేదు. నిజం. అయితే అవి ప్రాథమిక బడులు, ఎక్కువ చోట్ల ఇంటర్నెట్ లేదు, టీచర్లకు సరైన శిక్షణా లేదు. పెట్టె ఇస్తే బీజగణితం దానంతటదే వస్తుందని ఇక్కడ ఎవరూ అనడం లేదు. లెక్కలు నేర్పాల్సింది లెక్కల మాస్టారే, ఖాళీగా ఉన్న ఆ పోస్టు నింపాల్సింది మీరే. ల్యాప్‌టాప్‌తో ల్యాప్‌టాప్ వాడటం వస్తుంది, మీ పరీక్షకు ముందు కావలసిందీ అదే.

ఇక డబ్బు. 2021 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో, అమ్మఒడి పథకం కింద తల్లులకు ఇచ్చే 15 వేలకు బదులు తొమ్మిది నుంచి ఇంటర్ వరకు పిల్లలు కోరితే ల్యాప్‌టాప్ ఇస్తామన్నారు. తల్లులు లక్షల సంఖ్యలో ల్యాప్‌టాపే కావాలన్నారు. చివరికి ల్యాప్‌టాప్ రాలేదు, నగదే వచ్చింది. 2022 డిసెంబరు 21న, అప్పటి ముఖ్యమంత్రి పుట్టినరోజు నాడు, ఎనిమిదో తరగతికి ట్యాబులు పంచడం మొదలుపెట్టారు. టీచర్లకిచ్చినవీ కలిపి 5,18,740 ట్యాబులు, 686 కోట్లు. తలకు 13 వేల పైచిలుకు. ఆ ట్యాబుల్లో పాఠాలు పెట్టిన కంపెనీ 2024 జూలైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ట్యాబు వీడియో చూడటానికి బాగుంటుంది, మౌస్ అలవాటు చేయడానికి కాదు. ల్యాప్‌టాప్‌కు ఆ ఖర్చుకు రెట్టింపు అవుతుందనుకుందాం. తమిళనాడు 2011 నుంచి ప్లస్ టూ పిల్లలకు ఏళ్ల తరబడి ఇవ్వగలిగింది, అదేమీ కుబేరుడి రాష్ట్రం కాదు. తెలంగాణ పెద్దలు పక్క రాష్ట్రం గొడవ కదా అని నవ్వుకోవద్దు. మీ వైపు ఆ ట్యాబు కూడా రాలేదు.

   

ఇప్పటికి అడిగేది ఇంతే. అందరికీ ఒకేసారి కుదరకపోతే ముందు గురుకులాలకు, కస్తూర్బా బాలికల బడులకు, ఏజెన్సీ మండలాలకు ఇవ్వండి. చెడితే బాగుచేసే మనిషిని మండలానికొకరిని పెట్టండి. ఖరీదైన సాఫ్ట్‌వేర్ వద్దు, కేరళ బడుల్లో నడిచే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. తెర మీద మీ ఫొటో కావాలంటే వేసుకోండి, ఉత్తరప్రదేశ్ ఇచ్చిన ల్యాప్‌టాప్‌ల మీద అప్పటి ముఖ్యమంత్రీ ఆయన తండ్రీ ఇద్దరూ వేసుకున్నారు. బడులు తెరిచే జూన్‌లోనే ఇవ్వండి. దయచేసి ఎవరి పుట్టినరోజు కోసమూ ఆపకండి.

ఇట్లు,
పరీక్ష ఫీజు సకాలంలో కట్టిన తల్లిదండ్రుల తరఫున