భవానీపురంలోని ఒక పత్తి పోగు జీవితకథ

పత్తి పోగు గింజ పైపొర మీద పెరిగే ఒకే ఒక్క కణం. పువ్వు విచ్చిన రోజున అది మొలిచి, సుమారు మూడు వారాలు పొడవు సాగి, ఆ తరువాత తన గోడకు లోపలివైపున పొర మీద పొరగా సెల్యులోజ్‌ను పేర్చుకుంటుంది. కాయ పగిలి ఎండ తగిలినప్పుడు లోపలి రసం ఆరిపోయి, నడుమ సన్నని బోలు మిగిలి, పోగు మెలిపడిన నాడాలా చదునవుతుంది. నందిగామ ప్రాంతపు నల్లరేగడిలో పుట్టి, పెడనలో అద్దకం పూర్తి చేసుకొని, నేడు భవానీపురంలో ఒక ఇంటి దుప్పటిలో ఉన్న ఈ పోగు జీవితం కూడా అలాగే మొదలైంది. దాని కథ తెలియాలంటే ముందు ఆ బోలును, ఆ పొరల నడుమ సందులను గుర్తుంచుకోవాలి. లోహం వచ్చి కుదురుకునేది అక్కడే.

ఈ పోగు లోహాన్ని మొదట ఎరిగింది పెడనలో. అక్కడి కలంకారీ పనివారు గుడ్డను బాగా ఉతికి, గంజిని పోగొట్టి, కరక్కాయ పొడి కలిపిన నీటిలో నానబెడతారు. కరక్కాయలో టానిన్ అనే వగరు పదార్థం పుష్కలంగా ఉంటుంది. అది పోగులోకి ఇంకి, తరువాత రాబోయే లోహపు అయాన్లను, అంటే విద్యుదావేశం గల పరమాణువులను, పట్టి నిలుపుతుంది. తుప్పు పట్టిన ఇనుమును బెల్లపు నీటిలో పులియబెట్టి తీసిన ద్రవాన్ని అచ్చుతో అద్దినప్పుడు టానిన్, ఇనుము కలిసి నల్లని సమ్మేళనంగా మారతాయి. పటిక అద్దిన చోట అల్యూమినియం నిలిచి, గుడ్డ కాగులో మరిగేటప్పుడు ఎర్రరంగును పట్టుకుంటుంది. మచిలీపట్నం రేవు నుంచి సముద్రాలు దాటిన అద్దకపు గుడ్డల కీర్తి వెనుక ఉన్నది ఈ రసాయనమే గనుక, పత్తిలో లోహాన్ని నిలిపే విద్య కృష్ణా డెల్టాకు కొత్తదనడం ఆ పనివారికి అన్యాయం చేయడమే అవుతుంది.

అయితే ఈ పోగులోని ఇనుము, అల్యూమినియం సమ్మేళనాలుగానే ఉన్నాయి. పత్తిలో నిలిపే మరో లోహమైన వెండి నడిచే దారి వేరు. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలోని వెండి అయాను ఒక ఎలక్ట్రాన్‌ను అందుకుంటే లోహపు పరమాణువు అవుతుంది, అటువంటి పరమాణువులు గుమిగూడితే నానోకణం ఏర్పడుతుంది. పది నానోమీటర్ల వెడల్పున్న కణాలను లక్ష వరుసగా పేరిస్తే ఒక మిల్లీమీటరు అవుతుంది. చెమ్మ తగిలినప్పుడు ఈ కణాలు కొద్దికొద్దిగా విడిచే అయాన్లు బాక్టీరియా ప్రోటీన్లలోని గంధకానికి అతుక్కొని వాటి పనిని చెడగొడతాయి. గాయపు కట్లకూ ఆసుపత్రి వస్త్రాలకూ వెండిని కోరడానికి కారణమిదే. కణాలను బట్ట పైపైన పూస్తే ఉతుకులో రాలిపోతాయి. అమెరికా వ్యవసాయ శాఖకు న్యూ ఆర్లీన్స్‌లో ఉన్న పరిశోధన కేంద్రంలో కణాలను బయట తయారుచేసి అంటించడానికి బదులు పోగు లోపలే పుట్టించే పద్ధతిని రూపొందించారు. కాస్టిక్ సోడా ద్రావణంలో పోగు ఉబ్బి, సెల్యులోజ్ పీచుల నడుమ సందులు విచ్చుకుంటాయి. 1844లో ఇంగ్లండు రసాయనవేత్త జాన్ మెర్సర్ గమనించిన మార్పు ఇదే. ఆ సందుల్లోకి చేరిన వెండి అయాన్లకు సెల్యులోజే ఎలక్ట్రాన్లను ఇస్తుంది; క్షారాన్ని కడిగివేసి ఆరబెట్టాక సందులు మూసుకొని, కణాలు లోపలే చిక్కుకుంటాయి.

మన కథలోని ఈ తెల్ల పత్తి పోగుకు టానిన్‌ను కరక్కాయ ఇవ్వవలసి వచ్చింది గాని, దాని బంధువుల్లో పుట్టుకతోనే టానిన్ గలవి ఉన్నాయి. గోధుమరంగు పత్తికి ఆ రంగునిచ్చేది లోపల నిలువ ఉన్న టానిన్లే. 2021లో న్యూ ఆర్లీన్స్ పరిశోధకులు ప్రచురించిన ఫలితాల ప్రకారం, అటువంటి పోగుల్లోకి వెండి అయాన్లు చేరినప్పుడు ఆ టానిన్లే వాటిని నానోకణాలుగా మార్చాయి; పైనున్న వెండి తరిగినా లోపలి నిల్వ వల్ల ఉపరితలం సూక్ష్మజీవులను అణచే శక్తిని తిరిగి పొందగలిగింది. తెలుగు నేలకు ఈ సంగతి దగ్గరిది. కాకినాడ రేవు పేరుతోనే వ్యవహరించిన దేశవాళీ పత్తి గోధుమ ఛాయ గలది, ఒకప్పుడు జపాన్ దాకా ఎగుమతి అయినది. మిల్లు యంత్రాలు పొడవాటి తెల్ల పోగును కోరడంతో పొట్టి పింజ గల రంగు పత్తులు పొలాల నుంచి తొలగిపోయాయి. పొడవునూ తెలుపునూ మాత్రమే గుణాలుగా ఎంచిన ఆ కొలత రంగులో దాగిన రసాయన శక్తిని లెక్కలోకి తీసుకోలేదు. అది రైతుకూ శాస్త్రానికీ జరిగిన నష్టం.

ఇక వెండి పత్తిని ఉతికిన నీరు ఎక్కడికి చేరుతుందన్నది మరో ప్రశ్న. ఈ పోగు ఉన్న భవానీపురం కృష్ణా నది మీది ప్రకాశం బ్యారేజీకి ఎగువన ఉంది. బ్యారేజీ దగ్గర మొదలయ్యే కాలువలే డెల్టా వరి పొలాలను తడుపుతాయి. వెండి అయాన్లు నీటిలోని నాచుకూ చిన్న జీవులకూ హానికరం. మురుగునీటిలో వెండి చాలావరకు గంధకంతో కలిసి అంతగా కరగని సల్ఫైడ్‌గా మారుతుందనేది కొంత ఊరట కలిగించే విషయం, కాని శుద్ధి కాకుండా నదిలో కలిసే ఉతుకునీటికి ఆ అవకాశం తక్కువ. అందువల్ల వెండి పత్తిని మెచ్చుకునేవారు అది ఎన్ని సూక్ష్మజీవులను చంపిందన్న లెక్కతోపాటు, ప్రతి ఉతుకులో ఎంత వెండి నీటిలోకి పోయిందన్న లెక్కను కూడా చూపాలి. కణం పోగు లోపల పుట్టడం వల్ల కలిగే ప్రయోజనం ఆ రెండో లెక్కలోనే స్పష్టంగా తేలుతుంది.