కట్ట విప్పితేనే తీసివేత

మా రోజుల్లో రెండో తరగతి పిల్లని నలభై రెండులోంచి పదిహేడు తీసెయ్యమంటే ముందు పలక ముట్టుకునేది కాదు. కొబ్బరి ఈనెలు తీసేది. పది ఈనెలు ఒక కట్ట. నాలుగు కట్టలూ, విడిగా రెండు ఈనెలూ ముందు పెట్టుకునేది. రెండులోంచి ఏడు ఎలా పోతాయి? పోవు. "అయితే కట్ట విప్పమ్మా" అనేవారు మాస్టారు. విప్పితే విడి ఈనెలు పన్నెండు, కట్టలు మూడు. పన్నెండులో ఏడు తీస్తే అయిదు, మూడు కట్టల్లో ఒకటి తీస్తే రెండు. ఇరవై అయిదు. ఇలా కొన్నాళ్ళు చేతులతో చేశాకే పలక మీద అంకెలు పడేవి.

మా మనవరాలు టెక్కలిలో ఇంగ్లీషు మీడియం బడిలో మూడో తరగతి. పుస్తకం చూస్తే అక్షరం ముత్యం. అదే తీసివేత. నాలుగు కొట్టేసి మూడు వేసింది, రెండు పక్కన ఒకటి పెట్టి పన్నెండు చేసింది. జవాబు సరిగ్గానే వచ్చింది.

"ఈ ఒకటి ఎక్కడిదమ్మా?"

"పక్కనుంచి అప్పు తెచ్చాం తాతా."

"ఒకటి తెస్తే రెండూ ఒకటీ మూడవ్వాలి కదా, పన్నెండు ఎలా అయింది?"

పిల్ల నా మొహం చూసింది. పాపం, దాని తప్పేముంది? ఆ ఒకటి నిజానికి పది అని దానికెవరూ చూపించలేదు. కట్ట ఎన్నడూ దాని చేతికి రాలేదు. పుస్తకంలో పేజీలు నిండాలి, తల్లిదండ్రులు చూసి సంతోషించాలి, ఫీజు కట్టాలి. ఎల్‌కేజీ పిల్ల చేత వంద దాకా రాయిస్తారు. గుప్పెడు పిక్కలు ముందు పోసి ఎన్నున్నాయే అని ఎవరూ అడగరు. అది నాకు కడుపుమంట.

మాకు లెక్క బడిలో ఒకటి, బజారులో ఒకటి కాదు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. ఇవి ఎక్కంలా వల్లించినవి కావు. ఇంట్లో ధాన్యం కొలిచేటప్పుడు పక్కన కూర్చుని చూసినవి. ఇక 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినప్పుడు నేను నాలుగో తరగతి. అంతవరకు రూపాయికి పదహారణాలు, ఇకమీదట వంద నయాపైసలు అన్నారు. ఊళ్ళో పెద్దలంతా తికమకపడ్డారు. మా మాస్టారు మాత్రం దాన్నే పాఠం చేశారు. సర్కారువారి మార్పిడి పట్టీ బల్ల మీద రాశారు. అణాకి ఆరు నయాపైసలు, రెండణాలకి పన్నెండు, మూడణాలకి పంతొమ్మిది, నాలుగణాలకి పాతిక. "ఆరు, ఆరు, ఏడు, ఆరు పెరిగింది. మధ్యలో ఈ ఏడెందుకొచ్చిందిరా?" అని అడిగి, చెప్పకుండా ఇంటికి పంపేశారు.

రాత్రంతా అదే ఆలోచన. వందని పదహారుకి పంచితే అణాకి ఆరూ పావు. మూడణాలకి పద్దెనిమిదీ ముప్పావు. దానికి దగ్గరది పంతొమ్మిది. పావూ ముప్పావూ, దగ్గరి అంకెకి సర్దడం, అన్నీ ఆ ఒక్క ప్రశ్నలో వచ్చేశాయి. మా క్లాసులో ఒక కుర్రాడు ఇంకాస్త ముందుకెళ్ళాడు. అణా బెల్లం విడివిడిగా మూడుసార్లు కొంటే పద్దెనిమిదితో పోతుందనీ, ఒకేసారి మూడణాల బెల్లం కొంటే పంతొమ్మిది ఇవ్వాలనీ కనిపెట్టాడు. షావుకారు దగ్గర అలాగే కొన్నాడు కూడా. మాస్టారు వాణ్ణి క్లాసు ముందు నిలబెట్టి మెచ్చుకున్నారు.

అప్పుడంతా బాగుందనను. బెత్తం ఉండేది. నాతో చదివిన ఆడపిల్లల్లో చాలామంది అయిదో తరగతి చూడలేదు. ఇప్పుడు పిల్లలందరూ బడిలో ఉన్నారు, అది గొప్ప సంగతి. అందుకే నా బాధ ఇంకా ఎక్కువ. 2024 అసర్ సర్వేలో, దేశంలోని పల్లెల్లో భాగహారం చేయగలిగిన అయిదో తరగతి పిల్లలు 30.7 శాతమే. 2025లో నేచర్ పత్రికలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం రాసింది ఇంకా కలవరపెట్టింది. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో సరుకులమ్మే పిల్లలు బేరం లెక్కలు నోటితో ఇట్టే కట్టేస్తారు. అవే లెక్కలు పుస్తకంలోలాగా రాసిస్తే తడబడతారు. బడికి మాత్రమే వెళ్ళే పిల్లలేమో కాగితం మీద కొంత నయం, బజారు లెక్క దగ్గర ఆగిపోతారు. రెండు లెక్కలూ ఒకటేనని వాళ్ళకెవరూ కలిపి చూపలేదన్నమాట.

మన పలాసలో అయితే కలపడానికి కొరతేమిటి? జీడిపప్పులో 180 రకం, 320 రకం అంటారు. ఏది పెద్ద పప్పని అయిదో తరగతి పిల్లని అడగండి, 320 అంటుంది. ఆ అంకె పౌనుకి, అంటే దాదాపు 454 గ్రాములకి, ఎన్ని పలుకులు తూగుతాయన్న లెక్క. పలుకులు పెరిగితే పప్పు చిన్నది. రెండు గుప్పెళ్ళు తూచి చూపిస్తే భాగహారం ఆ పూటే అర్థమవుతుంది. కాశీబుగ్గ జీడి బట్టీల్లో ఆ పిల్లల తల్లులే కిలోకింత అని కూలి తీసుకుంటారు. 2018లో తిత్లీ తుపాను మన ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడు కొబ్బరికి పరిహారం చెట్టుకింత అనే లెక్క కట్టారు. వరసలు ఎన్ని, వరసకి చెట్లు ఎన్ని అని ఇంట్లో పిల్ల గుణించి సరిచూసుకోగలగాలి. చదువుకి పంపేది అందుకు కాదా?

మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లకీ చదవడం, లెక్క కట్టడం రావాలని 2021లో కేంద్రం నిపుణ్ భారత్ అని మొదలుపెట్టింది. 2026-27 గడువు. మంచి మాటే. అయితే ఆ గడువు కోసం కొత్త వర్క్‌బుక్కులు అచ్చువేసి పంచితే సరిపోదు. జూన్‌లో బడి తెరవగానే ఒక్కో పిల్లకి వంద ఈనెలు, పది రబ్బరు బ్యాండ్లు ఇవ్వండి. కవిటిలోనైనా, మందసలోనైనా, వజ్రపుకొత్తూరులోనైనా ఈనెలు కొనక్కర్లేదు. దసరా దాకా తీసివేతలు కాగితం మీద పెట్టకండి.