చపాతీల మీద యానాం

పదిహేను రోజులుగా నా ఎడమ చెయ్యి నన్ను కసురుతోంది. ఆఫీసులో పై అధికారి ముందు ఫైలు పట్టుకుని అరగంట నుంచి నిలబడి ఉంటానా, ముంజేతి మీద జుయ్యిమంటుంది. చూస్తే, "కాస్త లేచి నిలబడండి" అని. నిలబడే ఉన్నానమ్మా తల్లీ! పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నిలబడే ఉన్నాను.

మా అబ్బాయి హైదరాబాదు నుంచి పంపిన గడియారం ఇది. "నీ హెల్త్ కోసమే అమ్మా" అన్నాడు. రోజుకి పదివేల అడుగులు వేయిస్తుందట. పొద్దున్న ఆఫీసులో అడుగు పెట్టగానే పక్క సీటు అమ్మాయి "అక్కా, ఇన్నిక్కి ఎత్తనె?" అంటుంది, ఇవాళ ఎన్ని అని. మార్కుల లిస్టు ముందు నిలబడ్డ పిల్లలా చెయ్యి వెనక్కి దాచుకుంటాను.

మా ఆయనకి ఏ గడియారమూ అక్కర్లేదు. అయిదున్నరకల్లా పుదుచ్చేరి బీచ్ రోడ్డు మీద ఉంటారు. సాయంత్రం ఆరు నుంచి పొద్దున్న ఏడున్నర దాకా అక్కడికి బండ్లు రానివ్వరు. గాంధీగారి విగ్రహం, పాత లైట్‌హౌసు, డూప్లే దొర విగ్రహం, వీటి మధ్య ఊళ్ళో ఆరోగ్యమంతా పచార్లు చేస్తూ ఉంటుంది. ఆడవాళ్ళూ ఉంటారు, లేరనను. ఆ టైముకి వాళ్ళ ఇళ్ళల్లో ఇడ్లీలు ఎవరు వేస్తున్నారో కనుక్కోవాలని నాకు ఎన్నాళ్ళుగానో కోరిక. నా సంగతంటారా, బీచ్ రోడ్డు మీదికి బండ్లు రాని వేళలూ, మా ఇంట్లో పొయ్యి వెలిగే వేళలూ ఒకటే. ఏడింటికి ఈయన ఇల్లు చేరి, "కాఫీ తప్ప ఏమీ ముట్టలేదోయ్" అంటారు. చొక్కా జేబు మీద పఫ్ పొరలు రెండు, అలా అంటుకుని ఉంటాయి. నేను దులపను. సాక్ష్యం ఉండనీ.

ఇక తిండి. వాట్సాప్ చదివి ఆయన కొర్రలకి మారారు. మేం యానాం వాళ్ళం. గోదావరి డెల్టాలో పుట్టినవాళ్ళకి అన్నం అంటే వరే. "కొర్రలు మేం చిలకలకి పెట్టేవాళ్ళం" అంటారు మా అత్తయ్యగారు, కొడుకు కంచం కేసి జాలిగా చూస్తూ. ఆవిడకి మెత్తగా వార్చిన అన్నం. మా అమ్మాయికి ఓట్స్. ఆయనకి పొద్దున్న కొర్రన్నం, రాత్రి చపాతీ. నాకు వీటిలో మిగిలింది. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరం అని ప్రకటించింది. సంతోషం. అవి ఆరేడు గంటలు నానాలి కదా, రాత్రి పదకొండింటికి గుర్తుపెట్టుకుని లేచి నానబోసేది ఎవరో మాత్రం ప్రకటించలేదు.

అసలు ఈ పదివేలు ఎక్కడిదా అని వెతికాను. పరిశోధనల్లో తేలిన లెక్క కాదట! టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటేడు, 1965లో, ఒక జపాను కంపెనీ అడుగులు లెక్కపెట్టే యంత్రం అమ్మకానికి పెట్టి, దానికి 'పదివేల అడుగుల మీటరు' అని అర్థం వచ్చే పేరు పెట్టింది. అంతే. ఒక సరుకు పేరు అరవయ్యేళ్ళుగా లోకాన్ని నడిపిస్తోంది. 2019లో హార్వర్డ్ వాళ్ళు 16,741 మంది పెద్దవయసు ఆడవాళ్ళ అడుగులు లెక్కపెట్టి చూస్తే, 7,500 దాటాక కొత్తగా ఒరిగేదేమీ కనిపించలేదట. ఈ మాట గడియారానికి చెప్పి చూశాను. జుయ్యిమంది.

పోనీ లెక్కయినా సరిగా వేస్తుందా? మొన్న పెద్ద మార్కెట్లో కూరలు కొని, రెండు చేతులా సంచులతో ఆ ఇరుకు సందుల్లో మనుషుల్ని తోసుకుంటూ స్కూటీ దాకా వచ్చి చూసుకుంటే, ముప్ఫై ఎనిమిది అడుగులు. చెయ్యి ఊగకపోతే నడిచినట్టు కాదట. బరువు మోసే మనిషి నడక దాని దృష్టిలో నడకే కాదు. అదే రాత్రి, కదలకుండా ఒక్కచోట నిలబడి పన్నెండు చపాతీలు ఒత్తాను. మూడు వందల నలభై అడుగులు!

అప్పుడు తట్టింది. నా పొట్టి అడుగుకి మూడు వందల నలభై అంటే రెండు వందల మీటర్లు. ఇక్కణ్ణించి యానాం ఎనిమిది వందల కిలోమీటర్ల పైనే. రోజుకి పన్నెండు చపాతీల చొప్పున బయల్దేరితే రెండేళ్ళకి చెన్నై చేరతాను. నాలుగున్నరేళ్ళకి నెల్లూరు. అక్కడ చేపల పులుసు తినకుండా ముందుకి కదిలే ప్రసక్తి లేదు, కాబట్టి ఒక వారం కలపండి. ఎనిమిదేళ్ళు దాటాక కృష్ణమీదుగా బెజవాడ. పండగలకి చుట్టాలొస్తే పాతిక చపాతీలు, అంటే ఆ రోజు రెట్టింపు దూరం. అమ్మాయి పెళ్ళయి వెళ్ళిపోతే మాత్రం వేగం తగ్గుతుంది. మధ్యలో మా ఆయన చపాతీ మానేసి పుల్కా అంటే ఫర్వాలేదు, ఒత్తుడు ఒత్తుడే. ఇడియాప్పం అన్నారో, ఒంగోలు దగ్గర ఇరుక్కుపోతాను. మొత్తానికి పదకొండేళ్ళకి యానాం. సరిగ్గా గోదావరికి ఎర్రనీళ్ళొచ్చి పులసలు ఎక్కే వేళకి చేరేలా చూసుకోవాలి. లేదంటే ఇన్ని చపాతీలూ వృథా.

ఈ లెక్క కాగితం మీద వేసి మా ఆయనకి చూపించాను. "నువ్వు రిటైరయ్యేది తొమ్మిదేళ్ళకే కదా" అన్నారు. రిటైరైతే చపాతీలు ఆగుతాయనుకున్నారు పాపం.

మణక్కుళ వినాయకర్ గుడి ముందు నుంచి వెళ్తుంటే ఇప్పటికీ ఒకసారి అటు చూస్తాను. గుడి ఏనుగు లక్ష్మి అక్కడే నిలబడేది. కాళ్ళకి వెండి పట్టీలు, నుదుటి మీద రంగులు. చిల్లర అందుకుని తల మీద తొండం ఆనించేది. తడిగా, బరువుగా, కాస్త గరుగ్గా ఉండేది ఆ దీవెన. రోజంతా అదే డ్యూటీ. ఒళ్ళు బాగుండాలని పొద్దున్నే నడిపించేవాళ్ళు. 2022 నవంబర్ 30న ఆ నడకలోనే, వీధిలో కూలిపోయింది. ఊరంతా ఏడ్చింది. నేనూ ఆఫీసుకి పర్మిషన్ పెట్టి వెళ్ళి, ఆ పూలదండల కుప్పలో నుంచి కనిపిస్తున్న పట్టీ కేసి చూస్తూ నిలబడ్డాను. దానికి నడక ఇష్టమో కాదో ఎవరైనా గమనించారా అనిపించింది.

ఈ మాట రాస్తుండగా కూడా చెయ్యి జుయ్యిమంది, లేవమని. లేస్తాను, పిండి కలపాలి.

ఒరేయ్ నాన్నా, వచ్చే పుట్టినరోజుకి ఏమీ పంపకు. సెలవు పెట్టి నాలుగు రోజులు ఇంటికి రా. కొర్రల డబ్బా పై అరలో, ఎడమవైపుంటుంది. నీ చెయ్యి అందుతుంది.