నన్ను బెల్టు అంటారు

నా అసలు పేరు బ్రేస్. ఈ ఇంట్లో అందరూ బెల్టు అంటారు. కరీంనగర్‌లో ఓ అద్దె ఇంట్లో, రెండున్నరేళ్ల చిన్నోడి నడుము నుంచి చంకల దాకా చుట్టుకొని ఉంటాను.

వాడి వెన్ను వంకరను మొదట పట్టింది నాయినమ్మ చేయి. కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి నూనె రుద్దుతుంటే ఎడమ పక్క ఎత్తుగా తగిలిందట. "పెద్దగైనంక అదే సక్కగైతదిలే" అంది. ఆ మాట తప్పేమీ కాదు. చాలామంది పసివాళ్లలో వంకర తనంతట తానే పోతుంది. ఎవరిది పోతుందో, ఎవరిది ముదురుతుందో కంటితో చూసి చెప్పలేం. అందుకు డాక్టర్ మిన్ మెహతా 1972లో ఒక కొలత చెప్పారు: ఎక్స్‌రేలో, వంపు నడిమి పూసతో రెండు పక్కల పక్కటెముకలు చేసే కోణాల తేడా. అది 20 డిగ్రీలు దాటితే ముదిరే అవకాశం ఎక్కువ. మావాడిది దాటింది.

నాకంటే ముందు వాడి ఒంటి మీద మా అక్క పిండికట్టు ఉండేది. మత్తిచ్చి, చట్రం మీద పడుకోబెట్టి, తలనూ నడుమునూ మెల్లగా లాగిపట్టి, వంపుతో పాటు మెలికనూ సరిచేస్తూ కట్టేవారు. ఒళ్లు ఎదిగేకొద్దీ రెండు మూడు నెలలకో కొత్త కట్టు. లండన్ శివారు స్టాన్‌మోర్‌లో ఇలా కట్లు వేసిన 136 మంది పిల్లల లెక్కను మెహతా 2005లో ప్రచురించారు. సగటున 19 నెలల వయసులో కట్లు మొదలైన 94 మందికి వెన్ను చక్కబడింది. సగటున 30 నెలలకు వచ్చిన 42 మందికి వంకర తగ్గిందే గానీ పోలేదు. నేనైనా అక్కైనా దారి చూపేవాళ్లమే. వెన్నును నిలబెట్టేది బిడ్డ ఎదుగుదల. అది ఎవరి కోసమూ ఆగదు.

నన్ను తొడిగిన మొదటి వారం వాడు రాత్రంతా ఏడ్చేవాడు. అమ్మ జోకొడదామని వీపు మీద తడితే చేతికి నేను తగిలాను, టక్కుమని. ఆమె చేయి అక్కడే ఆగిపోయింది. అప్పటినుంచి తొడ మీద జోకొడుతోంది.

స్నానం వేళ నన్ను విప్పి వాడి ఒళ్లంతా చూస్తుంది. ఎర్రమచ్చ అరగంటలో పోకపోతే నన్ను తయారుచేసిన మనిషి దగ్గరికి తీసుకెళ్తుంది. చంక కింద ఒరుసుకున్న నా అంచును ఆయన వేడిచేసి వంచాడు. లోపల ముడత లేని నూలు బనియను, దాని మీద నేను. ఏప్రిల్ ఎండకు ఆ బనియను రోజుకు మూడుసార్లు మారుతుంది.

మీ ఇంట్లో పసిబిడ్డ ఉంటే రేపు స్నానం చేయించేటప్పుడు వీపు చూడండి. ఒక పక్క ఎత్తుగా కనిపిస్తే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఈ నెలలోనే.