రాని ఆటను మెచ్చుకుంటూనే తిట్టే పద్ధతి: సాలువా అభిమానికి ఒక కరదీపిక

శాస్త్రగ్రంథం ఏదైనా ముందుగా విషయమేమిటో, దానికి అధికారి ఎవరో చెప్పి, ఆ తరువాతే అసలు సంగతిలోకి దిగడం పూర్వాచారం కనుక ఈ కరదీపిక కూడా ఆ క్రమాన్నే అనుసరిస్తుంది. విషయం గ్రాండ్ థెఫ్ట్ ఆటో 6 అనే వీడియో గేమ్. 1997లో మొదలై జీటీఏ అనే పొట్టిపేరుతో ప్రసిద్ధికెక్కిన ఈ శ్రేణిని రాక్‌స్టార్ గేమ్స్ సంస్థ రూపొందిస్తున్నది. ఇది ఓపెన్ వరల్డ్ జాతికి చెందిన ఆట. అంటే ఒక దశ ముగిస్తే తప్ప మరో దశ తెరుచుకోని పాత పద్ధతికి భిన్నంగా, ఒక నగరాన్నో రాష్ట్రాన్నో మొత్తంగా కట్టిపెట్టి, ఆటగాడు కథను గాలికొదిలేసి దొరికిన కారెక్కి ఎటు బుద్ధి పుడితే అటు తిరగడానికి వీలిచ్చేది. మొదట 2025లో వస్తుందన్న ఈ ఆట 2026 మే 26కు, అక్కడి నుంచి 2026 నవంబరు 19కి జరిగింది. వచ్చేసిన ఆట గురించి మాట్లాడేవాడికి సాక్ష్యం అడుగడుగునా అడ్డుపడుతుంది. రాని ఆట మీద ఏర్పరచుకునే అభిప్రాయానికి అటువంటి ఆటంకమేదీ ఉండదు కనుక, విమర్శకళకు ఇంతకంటే నిర్మలమైన రంగం మరొకటి లేదు.

అధికారి సంగతికి వస్తే, పశ్చిమ బెంగాల్‌లోని సాలువాలో గాని, దానిని ఆనుకొని ఉన్న ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో గాని ఉండే తెలుగు కుర్రవాడికి ఉన్న అర్హతలు హైదరాబాదు కుర్రవాడికి సైతం లేవు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో వర్క్‌షాపులోనూ యార్డులోనూ పనికోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన కుటుంబాల మూడో తరానికో నాలుగో తరానికో చెందినవాడు కావడం వల్ల, ఇంట్లో తెలుగు, గోల్‌బజార్‌లో హిందీ, కాలేజీలో బెంగాలీ మాట్లాడుతూ, ఒకే వస్తువును మూడు భాషల్లో మెచ్చుకొని మూడు భాషల్లో తెగనాడడం అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటే. రెండో అర్హత మరింత ముఖ్యమైనది: ఆట ఆడడానికి కావలసిన యంత్రం అతని ఇంట్లో లేకపోవడం. జీటీఏ 6ను ఇంతవరకు ప్రకటించింది ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ యంత్రాలకు మాత్రమే. టీవీకి తగిలించుకొని ఆడే ఇటువంటి యంత్రాన్ని కన్సోల్ అంటారు. ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరిలో 49,990 రూపాయలకు అమ్మకానికి వచ్చి, మరుసటి సంవత్సరమే 54,990కి ఎగబాకింది. ఆ సొమ్ముతో ఇంట్లో జరగవలసిన పనుల జాబితా అమ్మ దగ్గర సిద్ధంగా ఉంటుంది కనుక, కొనలేనివాడి అభిప్రాయానికి ఉండే స్వేచ్ఛ అభిమానికి ఉచితంగా సమకూరుతుంది.

కంప్యూటర్ ఉన్నవాడు ఇక్కడ కొంత చరిత్ర కంఠతా పట్టాలి. 2008 ఏప్రిల్‌లో వచ్చిన జీటీఏ 4 కంప్యూటర్‌కు ఆ డిసెంబరులోనూ, 2013 సెప్టెంబరు 17న వచ్చిన జీటీఏ 5 2015 ఏప్రిల్‌లోనూ, అదే సంస్థ 2018 అక్టోబరులో విడుదల చేసిన రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 మరుసటి సంవత్సరం నవంబరులోనూ చేరాయి. ఈ తేదీలను వరుసగా వల్లించి, కంప్యూటర్ ఆటగాళ్ళను సవతి పిల్లల్లా చూస్తున్నారని నిట్టూర్చి, ఇటువంటి సంస్థ ఆటను ఇక మీదట కొనేది లేదని గట్టిగా ప్రకటించాలి. కొనడానికి వీలులేనిదాన్ని కొననని శపథం చేయడంలో ఖర్చు లేదు, భంగమయ్యే భయమూ లేదు. చిన్నప్పుడు ఆడిన ఈ శ్రేణిలోని పాత ఆట వైస్ సిటీ నెట్ సెంటర్‌లో ఎవరో ఎక్కించిన ప్రతి తప్ప ఎన్నడూ కొన్నది కాదన్న సంగతిని ఈ సందర్భంలో ఎత్తకపోవడం మర్యాద.

ఇక సాధన. ట్రైలర్‌ను ఒకసారి చూసి ఊరుకునేవాడు ప్రేక్షకుడే గాని అభిమాని కాడు. 2023 డిసెంబరులో మొదటి ట్రైలర్ ముందే బయటికి పొక్కడంతో, చెప్పిన వేళ కంటే ముందుగానే దానిని సంస్థ విడుదల చేయవలసి వచ్చినప్పుడు, ఒక్క రోజులోనే తొమ్మిది కోట్లకు పైగా వీక్షణలు వచ్చాయి. వాటిలో గణనీయమైన భాగం చూసినవాళ్ళే మళ్ళీ మళ్ళీ చూసినవని ఊహించడానికి పరిశోధన అక్కరలేదు. సాలువాలోని అద్దెగదిలో గోడకు చేరబడి, పగిలిన గాజు మీద అతికించిన టెంపర్డ్ గ్లాసు గల ఫోన్‌లో, వేగాన్ని పావు వంతుకు తగ్గించి, కొత్త ఆటలోని వైస్ సిటీ నగరపు బీచిలో నిలబడినవారి తలలు లెక్కపెట్టి, దుకాణంలోకి నడిచి వచ్చే మొసలి దగ్గర ఆపి, దాని వీపు మీది తడి మెరుపును రెండు వేళ్ళతో పెద్దది చేసి చూడాలి. ఆ మెరుపు చూసి కేక అనాలి. ఫోన్ కింద పెట్టకుండానే, అసలు ఆటలో ఈ మెరుపు ఉండదు, ట్రైలర్ కోసమే పెట్టారు అనాలి. ఈ రెండు వాక్యాల మధ్య ఊపిరి పీల్చుకోవడానికి మించిన విరామం ఉండరాదు. పండితులు మిశ్రమ స్పందన అని వ్యవహరించే దాని అసలు స్వరూపం ఇదే. ఒక వర్గం మెచ్చుకోగా మరో వర్గం తెగడడం సామాన్య సమాజాల్లో జరిగేది. పరిణతి చెందిన అభిమాని రెండు వర్గాలనూ తన ఒక్క తలలోనే పోషిస్తాడు.

ట్రైలర్ లేని రోజుల్లో ఏం చేయాలన్న ప్రశ్నకు సమాధానం ఆకాశంలో ఉంది. రెండో ట్రైలర్ కోసం ఎదురుచూసిన కాలంలో, రాక్‌స్టార్ ప్రచార చిత్రాల్లోని చంద్రుడి కళలను బట్టి ప్రకటన తేదీని గుణించే సిద్ధాంతం ప్రపంచమంతటా అభిమానుల్లో వ్యాపించింది. పంచాంగం చూడనిదే గుమ్మం దాటని ఇళ్ళలో పెరిగిన తెలుగువాడికి ఇది పరాయి విద్య కానే కాదు. పాడ్యమికి ప్రకటన, పౌర్ణమికి ట్రైలర్ అని తేల్చి చెప్పడం, తప్పినప్పుడు తిథి ద్వయం వచ్చిందని సర్దుకోవడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. ట్రైలర్ మాత్రం ఆట వాయిదా పడిందన్న వార్త వచ్చిన నాలుగు రోజులకు, 2025 మే 6న, ఏ గణకుడికీ చెప్పకుండా వచ్చింది. విడుదల తేదీగా ప్రకటించిన నవంబరు 19 కార్తీక మాసంలో పడడం గురించి ఇంతవరకు ఎవరూ వ్యాఖ్యానించకపోవడం విచారకరం. నీచు ముట్టని ఇంట్లో కూర్చొని తెర మీద దోపిడీలు చేయవచ్చునా అన్నది ధర్మశాస్త్ర పరిశీలనకు అర్హమైన అంశమే.

లీక్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. లీక్ అంటే తయారీలో ఉన్న సరుకు యజమాని అనుమతి లేకుండా బయటపడడం. 2022 సెప్టెంబరులో సంస్థ అంతర్గత వ్యవస్థలోకి చొరబడినవారి వల్ల తొంభై దాకా అసంపూర్ణ దృశ్యాలు బయటికి వచ్చినప్పుడు, గోడలు లేని గదులనూ, రంగు వేయని బొమ్మలనూ చూసి, ఇన్నేళ్ళు తీసుకొని చేసింది ఇదా అని నిలదీసినవారు ఉన్నారు. ఆటలో అన్నిటికంటే ముందు పూర్తయ్యేవి బొమ్మలేనని ఒకరు ఢంకా బజాయించి చెప్పడంతో, ఇతర సంస్థల నిర్మాతలు తమ ప్రసిద్ధ ఆటల తొలి రూపాలను, కర్రపుల్లల్లాంటి మనుషులతో సహా, నవ్వుతూ బయట పెట్టారు. అభిమాని దీన్ని పట్టించుకోనవసరం లేదు. పునాది తవ్వుతున్న చోటికి వెళ్ళి పై అంతస్తు బాల్కనీ బాగాలేదని చెప్పగల ధైర్యమే అతని మూలధనం.

వాయిదాల సమయంలో అభిమానికి అండగా నిలిచేది ఊరు. ఖరగ్‌పూర్‌లో పుట్టినవాడికి ఆలస్యం అంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కరలేదు. వర్క్‌షాపులో రిటైరైన తాత, మనవడు ముఖం వేలాడేసుకొని కూర్చోవడం చూసి, ఆట అన్నది ఏ రైలు పేరో అనుకొని, "ఏట్రా, ఆ బండి ఇంకా రాలేదేటి?" అని అడిగితే, "లేదు తాతా, మళ్ళీ లేటంట" అని మనవడు జవాబిచ్చే సంభాషణలో ఇద్దరికీ ఎక్కడా లోపం కనిపించదు. వాయిదా వార్త విన్న మొదటి పూట కోపం, రెండో పూట "ఆలస్యమైనా బాగా చేస్తారులే" అనే ఔదార్యం, మూడో పూట "ఇంత ఆలస్యం చేశాక కూడా బాగుండకపోతే చూద్దాం" అనే హెచ్చరిక, ఈ క్రమంలో వెలువడాలి. జీటీఏ 6 కంటే ముందే ఫలానాది జరిగిపోయిందని వాపోయే ప్రపంచవ్యాప్త హాస్యానికి తెలుగువాడి దగ్గర ఉన్నంత సరుకు మరెవరి దగ్గరా లేదు: కిందటి జీటీఏ వచ్చేనాటికి ఆంధ్రప్రదేశ్ ఇంకా విడిపోలేదు, బాహుబలి ఒక్క భాగమూ రాలేదు. ఖరగ్‌పూర్ వాడు దీనికి మరొకటి చేర్చుకోవచ్చు. 1,072 మీటర్లతో ప్రపంచంలోకెల్లా పొడవైనదని పాఠ్యపుస్తకాల్లో చదివిన స్వంత ప్లాట్‌ఫాం, జీటీఏ 5 విడుదలైన మరుసటి నెలలోనే, 2013 అక్టోబరులో, 1,366 మీటర్ల గోరఖ్‌పూర్‌కు ఆ బిరుదును అప్పగించింది. 2023లో హుబ్బళ్ళి ఆ గోరఖ్‌పూర్‌ను కూడా దాటేసింది. ఆటకూ దీనికీ సంబంధమేమిటని అడిగేవారికి అభిమానం అంటే ఏమిటో తెలియదు.

మనవాళ్ళు అనే అంశం మీద స్పందన ప్రత్యేకమైన శిక్షణ కోరుతుంది. ఆర్ఆర్ఆర్ ప్రచారానికి 2022 అక్టోబరులో జపాన్ వెళ్ళిన రాజమౌళి, అక్కడ ఆటల రూపకర్త హిడియో కొజిమా స్టూడియోను దర్శించి ముఖాన్ని స్కాన్ చేయించుకోగా, 2025 జూన్‌లో ఆ స్టూడియో నుంచి వచ్చిన డెత్ స్ట్రాండింగ్ 2 అనే ఆటలో రాజమౌళీ, కుమారుడు కార్తికేయా పాత్రలుగా కనిపించారు. అది కూడా విశాలమైన ప్రపంచంలో సరుకులు మోసుకుంటూ తిరిగే ఆటే. అంతవరకు నడక తప్ప ఏమీ లేదని దానిని వెక్కిరించినవారు ఆ రోజు నుంచి దానిలోని తాత్త్వికతను వివరించసాగారు. జీటీఏకు వస్తే, రాక్‌స్టార్‌కు బెంగళూరులో స్టూడియో ఉందనీ, 1997లో పుట్టిన ధ్రువ ఇంటరాక్టివ్‌ను 2019లో అందులో కలుపుకున్నారనీ తెలుసుకోవడం ఉపయోగకరం. ఆట బాగుంటే మన కుర్రాళ్ళ చేయి పడింది కనుక; బాగుండకపోతే పని మన దేశానికి అప్పజెప్పి ఖర్చు మిగుల్చుకున్నారు కనుక. రెండింటికీ ఒకే సమాచారం చాలడం ఇందులోని సౌలభ్యం. గేమియాన్ సంస్థ ముంబై గల్లీస్ పేరిట మన నగరంలోనే ఓపెన్ వరల్డ్ కడతామని ముందుకు వచ్చినప్పుడు మాత్రం, దేశభక్తితో భుజం తట్టి, మరుక్షణమే దానిని జీటీఏ పక్కన నిలబెట్టి కొలవాలి. కథానాయిక లూసియా గురించి, ఆడపిల్ల నాయకత్వం ఆటగాళ్ళ మీద రుద్దుతున్నారని గొణిగే వర్గం కూడా ఉంది. ఆ వర్గం ఇళ్ళలో ఎవరి మాట చెల్లుతుందో అందరికీ తెలిసినదే కనుక ఈ గ్రంథం అక్కడ ఆగదు.

భాష మీద ఫిర్యాదు తప్పనిసరి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గమే తెలుగుకు అధికార భాషగా గుర్తింపునిచ్చినా, ఈ శ్రేణిలో ఇంతవరకు వచ్చిన ఏ ఆటలోనూ తెలుగు అక్షరం లేదు, బెంగాలీ అక్షరమూ లేదు. ఈ ఒక్క ఫిర్యాదు మాత్రం సహేతుకమైనది కావడం వల్ల దీన్ని అభిమానులు సాధారణంగా చేయరు.

అంతిమ దశలో అభిమాని స్వంత పటాన్ని ఊహించుకుంటాడు. ఫ్లోరిడాను తలపించే లియోనిడా అనే కల్పిత రాష్ట్రానికి బదులు కేజీపీలో, అంటే ఖరగ్‌పూర్‌లో, ఈ ఆట జరిగితే ఎలా ఉండేదన్నది వేసవి రాత్రి కరెంటు పోయినప్పుడు మేడల మీద చర్చకు వచ్చే అంశం. నిమ్‌పురా యార్డులో వ్యాగన్ల మీదుగా పరుగు, గోల్‌బజార్ ఇరుకులో స్కూటీ ఛేజింగ్, మాతా పూజ డప్పుల మధ్య మాయమయ్యే దొంగ, 1931లో ఖైదీల మీద కాల్పులు జరిగి, 1951లో దేశపు మొదటి ఐఐటీకి ఇల్లయిన హిజిలీ నిర్బంధ శిబిర భవనం, అన్నీ సిద్ధంగానే ఉన్నాయి. సాలువాలో ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ ఆవరణ ఉంది కనుక, ఆటగాడు పొరపాటున అటు తిరిగితే పోలీసుల వేట తీవ్రతను సూచించే నక్షత్రాలు అన్నీ ఒకేసారి వెలుగుతాయి. ఇంత దాకా ఊహించాక ఎవరో ఒకరు ఆ పటంలో మలంచా ప్రాంతం చిన్నదైపోయిందని, ఇందా ప్రాంతం నుంచి స్టేషన్‌కు అంత సేపు పట్టదని అభ్యంతరం లేవదీస్తారు. లేని ఆటలోని లేని పటం మీద కూడా స్పందన మిశ్రమంగానే ఉంటే సాధన ఫలించినట్లు లెక్క.

విడుదల రోజున ఆటను కొన్న ఒకే ఒక్కడి ఇంటికి పదిమంది చేరాలి, చేరలేనివాళ్ళు ఎవరో అపరిచితుడు ఆడుతూ ప్రత్యక్షంగా ప్రసారం చేసే వీడియో తెరవాలి. ఆడేవాడు దృశ్యాలను ఆస్వాదించడానికి కారు ఆపితే విసుక్కోవాలి. ఆపకుండా పోతే ఏమీ చూడనివ్వడం లేదని తిట్టాలి. పాత వైస్ సిటీ ఆటలో పాంజర్ అని కొడితే ట్యాంకు దిగేదని పక్కవాడికి గుర్తుచేయాలి. ఎక్కడ తిరగాలో ముందే తెలిసినవాడిలాగా, తెర మీది కారు మలుపు చేరకముందే, "ఎడంకి తిప్పరా, ఎడంకి" అని అరవాలి.