జీలుగుమిల్లి విదేశీ యాత్ర

నాలుగేళ్లకోసారి బ్రిటన్, ఐర్లండ్ రగ్బీ ఆటగాళ్లు తమలో తమకున్న కొట్లాటలన్నీ పక్కనబెట్టి, 'లయన్స్' అని ఒకే పేరు పెట్టుకుని సముద్రాలు దాటి పోతారు. 2025లో ఆస్ట్రేలియా వంతు వచ్చింది. పెర్త్, బ్రిస్బేన్, సిడ్నీ, కాన్‌బెర్రా, అడిలైడ్, మెల్‌బోర్న్ ఆతిథ్య నగరాలు. ఆటగాళ్ల వెనకాలే ఎర్ర జెర్సీల దండు. మెల్‌బోర్న్ టెస్టు ఒక్కదానికే 90,307 మంది కూర్చున్నారు. టికెట్టు, హోటలు, బీరు అన్నీ కలిపి ప్యాకేజీలుగా అమ్మే కంపెనీలు కూడా ఉన్నాయి.

తెలంగాణలోని మా చండ్రుగొండలో దీన్ని చూసి నోరెళ్లబెట్టేవాడు లేడు. వాళ్లు నాలుగేళ్లకోసారి పోతే మేం ఏటా సంక్రాంతి కోడిపందేలకు ఆంధ్రా పోతాం. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోకముందు అది పక్క జిల్లా ప్రయాణం, ఇప్పుడు పక్క రాష్ట్ర పర్యటన. జీలుగుమిల్లి ఉన్నచోటే ఉంది, మేమూ ఉన్నచోటే ఉన్నాం, అయినా మధ్యలో విదేశం వచ్చి కూర్చుంది. పాస్‌పోర్టు అక్కర్లేదు, జేబు బరువుంటే చాలు.

దారులు రెండు. సత్తుపల్లి మీదుగా చింతలపూడి, లేదా దమ్మపేట, అశ్వారావుపేట దాటి జీలుగుమిల్లి. రైల్లో పోవచ్చు కదా అని అడగకండి. మా ఊరికి రైలు పట్టా ఉంది, స్టేషనూ ఉంది. భద్రాచలం రోడ్డు నుంచి సత్తుపల్లి దాకా యాభై పైచిలుకు కిలోమీటర్ల లైను వేసింది సింగరేణి బొగ్గు కోసం. బొగ్గు దర్జాగా రైల్లో పోతుంటే, మనుషులం గేటు దగ్గర ఆటోలో ఇరుక్కుని దానికి దారిస్తాం. బొగ్గుగా పుట్టకపోవడం మా తప్పే.

ఇక ఆతిథ్య నగరాల సంగతి. మా అభిమానుల సంఘం లెక్కలో జీలుగుమిల్లి, చింతలపూడి చిన్న మైదానాలు, పొద్దున పోయి రాత్రికి ఇంటికి రావచ్చు. జంగారెడ్డిగూడెం నడిమి తరగతి. భీమవరం మాత్రం అసలు సిసలు టెస్టు వేదిక. అక్కడ సంక్రాంతి మూడు రోజులకూ లాడ్జి గది దొరకాలంటే నెలల ముందే పట్టుకోవాలి. మామూలు రోజుల్లో ఫ్యాను తిరగని గదికి కూడా భోగినాటికి ఏసీ రేటు వస్తుంది. బరి చుట్టూ షామియానాలు, ఫ్లడ్‌లైట్లు, ఎల్‌ఈడీ తెరలు, బౌన్సర్లు. గెలిచినవాడికి బుల్లెట్ బండి. పక్కనే గుండాట, బిర్యానీ, ఆ పక్కన సరుకు. పార్కింగు ఎటు, నీళ్లెక్కడ అని చేయి చూపించే కుర్రాళ్లు కూడా ఉంటారు. మా వైపు ధాన్యం కొనుగోలు కేంద్రంలో ఇందులో సగం ఏర్పాటున్నా రైతు బస్తాల మీద పడుకుని నిద్రపోయేవాడు కాదు.

ఇదంతా చట్టవిరుద్ధమని మరిచిపోకండి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఒకటి, 1974 నాటి జూద చట్టం ఒకటి. 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు పందేలు ఆపమని గట్టిగానే చెప్పింది. అందుకే ప్రతి జనవరి మొదట్లో మైకు కట్టిన ఆటో తిరుగుతుంది, ఫ్లెక్సీలు కడతారు, పోలీసులు కత్తులు పట్టుకుని ఫొటో దిగుతారు, బైండోవర్లు రాస్తారు. భోగినాడు మధ్యాహ్నానికి నాయకుడొకాయన వచ్చి సంప్రదాయం గురించి నాలుగు మాటలు చెబుతాడు. ఆ తరువాత కనుమ సాయంత్రం దాకా చట్టం కూడా పండక్కి అత్తారింటికి పోతుంది.

ఆటలో మాత్రం తేడా ఉంది, ఒప్పుకోవాలి. రగ్బీ ఎనభై నిమిషాలు. కత్తి కట్టిన పుంజు పందెం ఒక్కోసారి బీడీ ముట్టించేలోపే అయిపోతుంది. రగ్బీలో దెబ్బలు తినేది ఆడేవాడు, డబ్బులు తీసుకునేదీ వాడే. మా ఆటలో దెబ్బలు పుంజువి, డబ్బులు ఇంకెవరివో. ఆటగాడు ఓడితే లయన్స్ వాళ్లు మళ్లీ జట్టులోకి తీసుకుంటారేమో కానీ, మా దగ్గర మసాలాలోకి తీసుకుంటారు.

అభిమానుల పాండిత్యంలో మాత్రం మాకు సాటి లేరు. డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల అని రంగులు విడగొట్టి, ఏ వారం ఏ జాములో ఏది గెలుస్తుందో కుక్కుట శాస్త్రం ప్రకారం చెప్పేవాళ్లు టీకొట్టుకొకరున్నారు. గెలిస్తే శాస్త్రం, ఓడితే కత్తి కట్టినవాడి పొరపాటు. భూమి పాసుబుక్కులో సర్వే నంబరు తప్పు పడితే ఏళ్ల తరబడి చదువుకోనివాడు పుంజు ఈక చూసి జాతకం చదివేస్తాడు.

చండ్రుగొండను కూడా ఆతిథ్య నగరం చేయాలని మా మేనమామ ఒకసారి ప్రతిపాదించాడు. కనకగిరి గుట్టలున్నాయి, అడివి ఉంది, ఆక్సిజన్ ఉంది అన్నాడు.

"మరి పోలీసులో మామా?" అన్నాను.

"అదేరా మన ఖర్మ. ఇక్కడోళ్లు నిజంగానే వస్తారు" అన్నాడు, ఏదో సౌకర్యం కరువైనట్టు మొహం పెట్టి.

మొన్న కనుమ రాత్రి మా బావ యాత్ర ముగించుకుని దిగాడు. లయన్స్ అభిమాని అయితే జెర్సీ తెచ్చుకుంటాడు. బావ ఓడిపోయిన పుంజు కూర కొంత టిఫిన్ డబ్బాలో తెచ్చాడు, బతికున్నప్పటి కంటే చచ్చాక దాని ధర ఎక్కువని గర్వంగా చెప్పాడు. వచ్చే ఏటి గదికి అడ్వాన్సు కూడా ఇచ్చి వచ్చాడట.

"పత్తి డబ్బులు ఇంకా పడలేదు కదా బావా, అడ్వాన్సు ఎక్కడిది?"

"మిరపతోటకు నల్ల తామర పురుగు పడిందని మందుకని అప్పు తెచ్చాగా, అందులోది."

"మరి తామర?"

"దానికీ పండగేగా, పోనియ్యరా" అని డబ్బా మూత తీశాడు.