పొమోనా అంటే పొమ్మన్నారా?

మా అమ్మాయి పన్నెండో తరగతికొచ్చింది. ఉండేది ఎడిసన్‌లో కాబట్టి అది మా ఇంటి సొంత వ్యవహారం కాదు. శనివారం పాట్‌లక్‌లో పులిహోర గిన్నె మూత తీసేలోపే ఎవరో ఒకరు అడుగుతారు: "అమ్మాయి ఎక్కడెక్కడ అప్లై చేస్తోందండీ?"

దానికి జవాబు ఒక్క ముక్కలో రావాలి. హార్వర్డ్, కార్నెల్, పోనీ రట్గర్స్. విన్నవాళ్లు తలూపి, ఓ అప్పడం తీసుకుని ముందుకెళ్లిపోవాలి. మా పిల్ల రాసుకున్న జాబితా ఇదీ: విలియమ్స్, గ్రినెల్, పొమోనా, రీడ్. అన్నీ లిబరల్ ఆర్ట్స్ కాలేజీలే.

"పొమోనా ఏవిట్రా, పొమ్మన్నారా?" అంది గుడివాడ నుంచి వచ్చిన మా అమ్మ. అన్నయ్యయితే వాట్సాప్‌లోనే నిలదీశాడు. "యూనివర్సిటీ కాకుండా కాలేజీ ఏమిట్రా, మళ్లీ ఇంటర్ చదువుతుందా? ఆర్ట్స్ అంటే బొమ్మలేస్తుందా?" అక్కడ ఫిజిక్సూ లెక్కలూ కూడా ఉంటాయనీ, పీజీల గోల పెద్దగా లేదు కాబట్టి ప్రొఫెసర్లు డిగ్రీ పిల్లల్నే పట్టించుకుంటారనీ చెప్పేసరికి పావుగంట పట్టింది.

ఐటీ వాణ్ణి. ఎక్సెల్‌లో పెట్టందే ఏదీ నమ్మను. మొదట ఫీజు కాలమ్ పెట్టి, వెంటనే తీసేశాను. హాస్టలూ భోజనంతో కలిపి ఏడాదికి ఎక్కడైనా 90 వేల డాలర్ల చుట్టుపక్కలే. చివరికి మిగిలిన అసలు కాలమ్ ఒకటే: "వివరించడానికి పట్టే నిమిషాలు".

గ్రినెల్ ఉన్నది అయోవా మొక్కజొన్న చేల మధ్య. నన్ను చేలోంచి బయటపడేయడానికే మా నాన్న ఎకరం అమ్మి చదివించాడు. కాకపోతే ఇంటెల్ పెట్టిన రాబర్ట్ నాయ్స్ అక్కడి విద్యార్థే. ఆ ముక్క చేర్చాక నాలుగు నిమిషాలు కాస్తా రెండయ్యాయి. విలియమ్స్‌లో కొన్ని క్లాసులకు ఇద్దరు పిల్లలూ ఒక ప్రొఫెసరూ కూర్చుంటారట. ఒకళ్లు వ్యాసం చదివితే రెండోవాళ్లు తప్పులు పట్టాలి. "ఓహో, ట్యూషనన్నమాట" అన్నాడు అన్నయ్య, మొదటిసారి అర్థమైన గొంతుతో.

రీడ్ దగ్గరే చిక్కొచ్చింది. 1995 నుంచి యూఎస్ న్యూస్ ర్యాంకింగులకు వివరాలు ఇవ్వమని మొండికేసిన కాలేజీ అది. ర్యాంకు అక్కర్లేదన్న చదువుల సంస్థను నా జన్మలో ఇదే చూడటం. మా ఊళ్లో ఎల్‌కేజీకీ ఫ్లెక్సీ కడతారు. స్టీవ్ జాబ్స్ అక్కడే చేరాడులే అని ధైర్యం తెచ్చుకోబోతే, "మధ్యలో మానేశాడు నాన్నా" అని గుర్తుచేసింది పిల్ల. తనకు రీడే నచ్చింది, గ్రీకు సాహిత్యం కోసం. నవంబరులో అక్కడికే ఎర్లీ డెసిషన్ అంది. అంటే తాంబూలాలే. సీటొస్తే మిగతా కాలేజీల దరఖాస్తులు వెనక్కి తీసుకోవాలి.

గ్రీకుకి ఎన్ని నిమిషాలు వేయాలో తెలీక రాత్రంతా ఆ గడి ఖాళీగా ఉంచాను. తెల్లారుజామున దొరికింది. పోర్ట్‌లాండ్‌లోని రీడ్ క్యాంపస్‌లో పరిశోధన కోసం చిన్న న్యూక్లియర్ రియాక్టర్ ఉంది. డిగ్రీ పిల్లలే లైసెన్సు తీసుకుని నడుపుతారు.

మొన్న శనివారం పులిహోర దగ్గర మళ్లీ అడిగారు.

"పోర్ట్‌లాండ్ అండీ. న్యూక్లియర్ సైడు."

"అబ్బో! మావాడిక్కూడా కాస్త ఆ లింకు పంపండి."

పంపాను. అమ్మాయికి మాత్రం ఇంకా చెప్పలేదు.